ముట్టుకోకుండా తయారు చేయడం ఎలా?

బడి లైబ్రరీలో మేకర్‌స్పేస్, అంటే పిల్లలు తమ చేతులతో వస్తువులు తయారు చేసుకునే గది, పెట్టదలచినవారు మొట్టమొదట కొనాల్సింది తాళం. త్రీడీ ప్రింటర్ తర్వాత చూసుకోవచ్చు. తాళం లేకపోతే పిల్లలు లోపలికి వస్తారు. వచ్చినవాళ్లు ఊరుకోరు, ఏదో ఒకటి తయారు చేస్తారు. ఇంత ఖర్చు పెట్టింది గది పాడు చేసుకోవడానికా?

తర్వాత బోర్డులు. గుమ్మం పైన 'సృజనకు స్వాగతం' అని రంగురంగుల అక్షరాలు, గుమ్మం పక్కన 'వస్తువులను తాకరాదు' అని ఎర్ర అక్షరాలు. ఈ రెండూ ఒకే గోడ మీద కాపురం చేస్తున్న గదిని నేను కళ్లారా చూశాను. ప్రింటర్‌తో వచ్చిన ప్లాస్టిక్ కవరు మళ్లీ దాని మీదికే చేరింది. కరెంటు తీగలు అతికించే సోల్డరింగ్ కిట్ల సీలు విప్పలేదు. స్క్రూడ్రైవర్లు పొడుగు నుంచి పొట్టి దాకా, పెళ్లి ఫొటోకి నిలబెట్టిన చుట్టాల్లా బిగుసుకుని ఉన్నాయి. ఆ గదిలో వాడకానికి నోచుకున్న పరికరం ఒక్క కత్తెరే. దాంతో రిబ్బను కోశారు.

ఆ రిబ్బను రోజు వైభవం చెప్పి తీరాలి. త్రీడీ ప్రింటర్ పాపం తొందరపడే జీవి కాదు. ప్లాస్టిక్ తీగను దాదాపు 200 డిగ్రీల వేడిలో కరిగించి, పొర మీద పొర పేర్చుకుంటూ పోతుంది. పొర మందం 0.2 మిల్లీమీటర్లు అనుకుంటే, నాలుగు సెంటీమీటర్ల బొమ్మకు 200 పొరలు. ముఖ్య అతిథికి అంత తీరిక ఎక్కడిది? అందుకని బొమ్మను ముందురోజే బయట చేయించి బల్ల కింద దాచారు. అతిథిగారు బటన్ నొక్కారు. తీగ ఎక్కించని ప్రింటర్ గాల్లో అటూ ఇటూ తిరిగింది. చప్పట్లు. ఫొటోలు. ఈలోగా ఒక మాస్టారు వంగి, లేచి, బొమ్మను అతిథి చేతిలో పెట్టారు. మళ్లీ చప్పట్లు. ముందు వరసలో ఒక పిల్ల లేచి, "సార్, ఇంకా ఒక్క పొర కూడా పడలేదు కదా, బొమ్మ ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని అడిగింది. ఆ పిల్లను వెనక వరసకు పంపించారు. ఆ గదిలో ఇప్పటివరకు జరిగిన శాస్త్రీయ పరిశీలన అదొక్కటే.

గ్రంథాలయ శాస్త్రానికి ఎస్.ఆర్. రంగనాథన్ ఐదు సూత్రాలు రాసి 1931లో ప్రచురించారు. పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికే అన్నది అందులో మొదటిది. ఇంత మామూలు మాటను సూత్రంగా రాయాల్సి రావడానికి కారణం ఉంది. మధ్యయుగాల ఐరోపాలో పుస్తకాలను గొలుసులతో అరలకు కట్టేసేవారు. ఇప్పుడు పుస్తకాలకు ఆ బాధ లేదు. మేకర్‌స్పేస్‌కు చోటు చాలక వాటిని గోతాల్లో కుక్కి మెట్ల కింద పడేశారు. గొలుసు ప్రింటర్‌కు బదిలీ అయింది.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. పిల్లలు తయారీ మొదలుపెట్టడానికి ఒక అట్టముక్క, మూడు వోల్టుల బిళ్ల బ్యాటరీ, ఒక ఎల్‌ఈడీ బల్బు చాలు. బల్బు కాళ్లలో పొడుగుది బ్యాటరీ ప్లస్ వైపు, పొట్టిది మైనస్ వైపు తగిలిస్తే వెలుగుతుంది. తిరగేస్తే వెలగదు. ఎందుకు వెలగలేదో పక్కపిల్లాడితో వాదించి, వాదన తెగక, చేయి చాచి అరలోంచి కరెంటు మీద పుస్తకం ఒకటి లాగి చూసుకోవాలి. ఈ పనిని లైబ్రరీలో పెట్టమనడం అందుకే కదా! మరి ఆ చేయి చాచే దూరంలో పుస్తకాన్ని ఉండనివ్వకపోతే అది లైబ్రరీ ఎట్లా అవుతుంది? బ్యాటరీలు, జిగురు, టేపు అయిపోతే మళ్లీ కొనడానికి పద్దు లేదంటారు. లైబ్రేరియన్ పోస్టు ఖాళీ అంటారు, డ్రిల్లు మాస్టారికి అదనపు బాధ్యత అంటారు. గోడ మీద రాకెట్ బొమ్మ వేయించడానికి మాత్రం డబ్బులు దొరికాయి! సిగ్గుండాలి. పిల్లల చేతులంటే మీకు ఇంత భయమైతే వాళ్ల పేరు చెప్పి ఈ సామాను ఎందుకు కొన్నట్టు?

వచ్చే ఏడాది వర్చువల్ రియాలిటీ కళ్లజోళ్లు వస్తున్నాయట. వాటికి అద్దాల బీరువా కావాలని, మిగిలి ఉన్న ఒకే ఒక్క కథల పుస్తకాల అరను నిన్న కొలతలు తీసుకుని వెళ్లారు.