గడీ తలుపులు తెరవండి, వెట్టి కథతో సహా

ఆదివారం పొద్దున కారు తీసి ఎటు పోదాం అంటే నగరాల చుట్టూ ఉన్న కుటుంబాలకు తట్టేవి రెండే. గుడి, లేదంటే రిసార్ట్. గుడికి పోయేవాళ్లను అనేదేం లేదు. రిసార్ట్ సంగతే వేరు. పిల్లలు నీళ్లలో, నాన్న ఫోన్‌లో, అమ్మ తడి బట్టల వెంట. చీకటి పడేసరికి అందరూ అలిసిపోయి ఇంటికి చేరతారు. ఎక్కడికి వెళ్లొచ్చావని సోమవారం టీచర్ అడిగితే పిల్లాడికి ఊరి పేరు కూడా గుర్తుండదు.

అదే దారిలో, ఏదో ఒక ఊళ్లో, చెట్ల మధ్య నుంచి బురుజు ఒకటి కనిపిస్తుంది. తెలంగాణలో అయితే గడీ అంటారు, కోస్తాలో అయితే జమీందారుగారి దివాణం. కారు ఆగదు. ఆగినా చాలాచోట్ల తలుపుకు తాళం ఉంటుంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఊళ్లో చెప్పేవాళ్లుండరు. ఈ తాళాలు తీయించాలన్నదే నా వాదన. సున్నం కొట్టి, రంగు లైట్లు పెట్టి, దొరవారి వైభవం చూపించమని అడగడం లేదు. ఆ ఇంటి వెనక దర్వాజా నుంచి వచ్చి పోయినవాళ్ల కథతో సహా తెరవమంటున్నాను.

ఈ ఇళ్లు ఇలా ఎందుకయ్యాయో తెలిసిందే. మద్రాసు రాష్ట్రంలో 1948 ఎస్టేట్ల రద్దు చట్టం, హైదరాబాద్‌లో 1949 జాగీర్ల రద్దు. శిస్తు ఆగిపోయాక అంతంత ఇళ్లను మోయడం ఎవరి తరం? కొన్ని అదృష్టం కొద్దీ చదువుల పాలయ్యాయి. విజయనగరం కోటలో రాజకుటుంబం ట్రస్టు మాన్సాస్ నడిపే కాలేజీలు, గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ, వనపర్తి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్. రాజుగారు కొలువుతీరిన చోట రైతు కొడుకు డిప్లొమా చదవడాన్ని మించిన మంచి గతి ఏ భవనానికైనా ఉంటుందా? మిగతావాటికి ఆ యోగం లేదు. రైతుకూలీలు దొరల మీద కదిలిన 1978 జగిత్యాల జైత్రయాత్ర తర్వాత ఉత్తర తెలంగాణ దొరలు చాలామంది పట్నం చేరారు. గడీలు గబ్బిలాలకు మిగిలాయి.

అసలేవీ బాగుపడలేదని అనను. చౌమహల్లాను టికెట్ కొనుక్కుని చూసి రావచ్చు. దోమకొండ కోటను బాగుచేసిన తీరుకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది. ఫలక్‌నుమా 2010లో హోటల్ అయింది. దాని మెట్లెక్కాలంటే జేబు బరువుగా ఉండాలి. ఇక ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను 2019లో కూలగొట్టి అక్కడ కొత్త అసెంబ్లీ కడతామన్నారు. హైకోర్టు అడ్డుపడింది కాబట్టి మిగిలింది. పాత మేడ కనిపిస్తే మన పాలకులకు వచ్చే ఆలోచనలు ఈ రెండే కాబోలు. హోటల్‌వాళ్లకు ఇవ్వడం, లేదంటే జేసీబీ పంపడం.

దొర గడీని కాపాడడమేంటి, కూలిపోనీ అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల తాతలు ఆ గడీ ముందు నుంచి చెప్పులు చేతపట్టుకుని నడిచినవాళ్లయితే ఆ కోపాన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. అయితే గడీ కూలితే దొరకు పోయేదేముంది? ఆయన మనవలు ఎప్పుడో నగరాల్లో, అమెరికాలో స్థిరపడ్డారు. పోయేది సాక్ష్యం. నేరం జరిగిన చోటును నేలమట్టం చేస్తే సంతోషించేది ఎవరో ఆలోచించండి.

గడీలో చూపించాల్సినవి దర్బారు, ఊయల బల్ల, గోడ మీది పులితల మాత్రమే అయితే ఆ గడీ మూసి ఉండడమే మేలు. వెనక వసారాలోకి తీసుకెళ్లండి. వడ్లు దంచిన చోటు, ధాన్యం కొట్లు, నీళ్లు మోసిన బావి చూపించండి. దొర ఇంట్లో పెళ్లయితే గొల్లలు గొర్రెలు ఇచ్చుకోవాలి. గౌండ్లవాళ్లు కల్లు, సాలెలు బట్ట, కుమ్మరులు కుండలు, మాదిగలు చెప్పులు. చాకలి కుటుంబం బట్టలు ఉతకాలి, చెప్పిన పనల్లా చేయాలి. దేనికీ కూలి లేదు. వెట్టి అంటే ఇదే. దొరసాని కాపురానికి వస్తూ వెంట తెచ్చుకున్న దాసీల, అంటే ఆడబాపల బతుకైతే ఇంకా ఘోరం, వాళ్లకు సొంత పెళ్లి లేదు, సొంత ఇల్లు లేదు. ఇదంతా నిజాం రాజ్యంలో నిన్నమొన్నటి సంగతి. ఈ ఇళ్ల గోడలు అంత నున్నగా ఎలా ఉన్నాయో చెప్పకుండా గోడలు చూపిస్తే అది సగం అబద్ధం.

పదేళ్ల పిల్ల ఇదంతా విని తప్పకుండా అడుగుతుంది, డబ్బులివ్వకపోతే ఎందుకు చేశారని. జవాబు చెప్పడానికి అమ్మానాన్నలు తడబడతారు. తడబడనివ్వండి. రిసార్ట్ నుంచి తిరిగొచ్చేటప్పుడు కార్లో ఇలాంటి మాటలు నడవవు.

మరి ఈ కథ చెప్పేదెవరు? సూటు వేసుకున్న గైడ్ వద్దు, చెవిలో పెట్టుకునే రికార్డింగూ వద్దు. నానమ్మ ఈ గడీలోనే వడ్లు దంచిందని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన ఊరి మనిషికి కొంత శిక్షణ, నెలకు సరైన జీతం ఇచ్చి పెట్టండి. తాత నిలబడే ఉండాల్సి వచ్చిన గుమ్మంలో మనవరాలు కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్లకు కథ చెప్పి జీతం తీసుకోవాలి. టూరిజం వల్ల ఉపాధి వస్తుందని మంత్రులు అంటుంటారు. అది చూపించడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

ఇది మన దగ్గర కుదిరే పని కాదనేవాళ్లు బ్రిటన్ వైపు చూడాలి. ఆదివారం పూట పాత ప్రభువుల ఇళ్లు చూసి రావడం అక్కడి కుటుంబాలకు అలవాటు. వాటిలో చాలావాటిని నడిపేది 1895లో పుట్టిన నేషనల్ ట్రస్ట్. తన చేతిలో ఉన్న 93 చోట్లకు బానిసల వ్యాపారంతోనో, వలస పాలనతోనో సంబంధం ఉందని ఆ సంస్థే 2020లో నివేదిక వేసింది. మా పూర్వీకులను తిడతారా అని పెద్ద గొడవైంది. అయినా నివేదిక నిలిచింది. వేల్స్‌లోని పోవిస్ కోటలో క్లైవ్ కుటుంబం పోగేసిన మన దేశపు సొమ్ము ఉంది, టిప్పు సుల్తాన్ డేరాతో సహా. ఆ సొమ్ము అక్కడికెలా చేరిందో దాన్ని పట్టుకెళ్లినవాళ్ల దేశంవాళ్లే చెప్పుకోక తప్పలేదు. మనం పోగొట్టుకున్నవాళ్లం, మనకేం మొహమాటం?

చూడదగ్గ ఇల్లంటే దొరలదే కానక్కర్లేదు. రాజమండ్రిలో వీరేశలింగం ఇల్లుంది. ఊరంతా కన్నెర్రజేసినా 1881 డిసెంబర్ 11న తొలి వితంతు వివాహం జరిపించిన ఇల్లది. విజయనగరంలో గురజాడ ఇల్లుంది. గోదావరి పుష్కరాలకు వెళ్లినవాళ్లలో ఎంతమంది వీరేశలింగం ఇంటి గుమ్మం తొక్కారు?

వసతుల గురించి ఎక్కువ చెప్పను. శుభ్రమైన టాయిలెట్, తాగే నీళ్లు, కూర్చుని అన్నం తినడానికి నీడ ఉంటే కుటుంబాలు వస్తాయి. కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో 15 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్ ఎలాగూ లేదు. లేజర్ షోలకు, ఐ లవ్ అనే అక్షరాల సెల్ఫీ పాయింట్లకు పెట్టే డబ్బులో కొంత ఇటు మళ్లిస్తే చాలు.

నా అసలు గొడవ బడితో. మన పిల్లలకు 1789 తెలుసు, బాస్టిల్ కోట మీద జనం ఎందుకు పడ్డారో తెలుసు. మంచిదే. కానీ తమ మండలంలోని గడీ మీదికి జనం ఎందుకు వెళ్లారో తెలియదు. బడి నుంచి ఏటా పిక్నిక్ అంటే థీమ్ పార్కుకే తీసుకెళతారు. దానికి ఫీజు కట్టలేని పిల్లలు ఆ రోజు ఇంట్లో ఉంటారు. హైదరాబాద్ కోఠిలో ఈస్టిండియా కంపెనీ దొర కిర్క్‌పాట్రిక్ కోసం కట్టిన రెసిడెన్సీ ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. ఆ విశ్వవిద్యాలయానికి 2024లో తెలంగాణ రైతాంగ పోరాటంలో నిలిచిన చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. భేషైన పని. ఆమె పంటను కాజేయాలని చూసిన దేశ్‌ముఖ్ దొరది ఏ ఊరో, ఆ పంటను ఆంధ్ర మహాసభ సంఘం మనుషులు కాపలా కాసి ఇంటికెలా చేర్చారో అక్కడ చదివే అమ్మాయిలను అడిగి చూడండి. పేరు బోర్డు మీదికి ఎక్కింది, కథ మాత్రం క్లాసులోకి రాలేదు. సోషల్ పాఠం సొంత మండలం నుంచి మొదలుపెట్టి, ఏడాదికొక్క రోజు నడిచి చూడగలిగిన చోట చెప్పాలని విద్యాశాఖ ఒక్క ఉత్తర్వు ఇవ్వకూడదా?

దారి కోసం వెతకాల్సిన పని కూడా లేదు. జనగామ జిల్లాలోనే ఒక రోజుకు సరిపడా ఉంది. ఐలమ్మ పాలకుర్తి, దగ్గర్లోనే పోతన బమ్మెర, దేశ్‌ముఖ్ విసునూరు, 1946 జులై 4న దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీ గుండుకు నేలకొరిగిన దొడ్డి కొమురయ్య స్తూపం ఉన్న కడవెండి. హైదరాబాద్‌లో పొద్దున్నే బయలుదేరితే రాత్రి భోజనానికి ఇంట్లో ఉండొచ్చు. అరుణాచలానికి ప్యాకేజీ బస్సులు నడిపే ఆర్టీసీ, నెలకో ఆదివారం ఈ దారిలో ఒక్క బస్సు వేయాలి. ఊరికొకరు చొప్పున కథ చెప్పేవాళ్లను కుదుర్చుకోవాలి. ఆర్నెల్లు నడిపాక కూడా సీట్లు నిండకపోతే మానేయమనండి.