ఒంట్లో బాగాలేని మనిషి కథకు ఎర్రపెన్ను పెట్టొచ్చా?

మొన్న ఆదివారం సాయంత్రం హన్మకొండలో, భద్రకాళి చెరువు కట్ట మీద, ఇద్దరు నా ముందే గంటన్నర వాదించుకున్నారు. ఇద్దరూ రాసేవాళ్లే, ఇద్దరూ నాకు కావలసినవాళ్లే, అందుకే పేర్లు రాయను. ఆమెను అక్క అంటాను, అతన్ని తమ్ముడు అంటాను. తోడబుట్టినవాళ్లు కాకపోయినా వాళ్లు పిలుచుకునేది కూడా అట్లనే. తగాదా మూడో మనిషి గురించి. ఆయన కథలు రాస్తారు, మా అందరికీ పెద్దన్న, ఏడాదిన్నరగా డయాలసిస్ మీద ఉన్నారు, మంగళ, గురు, శనివారాలు, పూటకు నాలుగు గంటలు. ఈమధ్య తొమ్మిది కథలు పూర్తిచేసి వీళ్లిద్దరికీ చెరో జిరాక్స్ కాపీ ఇచ్చారు. తమ్ముడు "అద్భుతం అన్నా, వచ్చే నెలే పుస్తకం వేద్దాం" అన్నాడు. అక్క ఎర్రపెన్నుతో నాలుగు కథలు దున్నేసి, ఆరు పేజీల ఉత్తరం కూడా జతచేసి పంపింది. నేను చాయ్ తెచ్చివ్వడం తప్ప ఏం చేయలేదు, గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

తమ్ముడు: సూటిగా అడుగుతాను అక్కా. వారానికి మూడుసార్లు ఒంట్లో రక్తం బయటికొచ్చి, మెషిన్లో కడుక్కుని మళ్లీ లోపలికి పోతేగాని బతకలేని మనిషి. ఆయనకా నువ్వు తప్పులు దిద్ది పంపేది?

అక్క: తప్పులు దిద్దలేదు. సీసా కథలో చివరి పేజీన్నర తీసెయ్యమన్నాను. నువ్వూ చదివావు కదా. రోజుకు లీటరు నీళ్లు కూడా దాటకూడదని డాక్టర్ చెప్పిన మనిషి, మే నెల మిట్టమధ్యాహ్నం, కాజీపేట జంక్షన్‌లో చల్లటి నీళ్ల సీసా కొంటాడు. మూత తియ్యడు. చెంపకు ఆనించుకుని కూర్చుంటాడు, బండి వచ్చేదాకా. పక్కనున్న చిన్నపిల్ల "తాతా, తాగవా?" అంటుంది. అయిపోయింది కథ. నాకు అక్కడ గొంతు ఎండిపోయింది, నిజంగా లేచి నీళ్లు తాగొచ్చాను. కానీ ఆయన ఆపలేదు. ఆ పిల్లకు మానవత్వం ఎండిపోవడం గురించీ సమాజం దాహం గురించీ పేజీన్నర ఉపన్యాసం ఇప్పించారు తాత చేత.

తమ్ముడు: అది నాకూ బాగాలేదనిపించింది.

అక్క: మరి చెప్పలేదేం?

తమ్ముడు: ఎట్ల చెప్పాలి? ఆయన్ని బండి మీద తీసుకుపోయేది నేను. మెషిన్ ఎక్కేముందు బరువు చూస్తారు, దిగినాక చూస్తారు, మధ్యలో ఒంట్లోంచి లాగింది రెండు కిలోలు, రెండున్నర కిలోలు, అంతా నీళ్లే. ఒక్కోసారి మూడో గంటలో బీపీ పడిపోయి పిక్కలు పట్టేస్తాయి, నర్సమ్మ, నేను చెరో కాలు పట్టుకుని ఒత్తుతాం. ఎడమచేతికి రెండు సూదులు, అది కదపకూడదు. కుడిచెయ్యి ఖాళీయే కదా అని ప్యాడ్ పెట్టుకుని రాస్తారు. తొమ్మిది కథలూ అట్ల వచ్చినవే. వాటి మీద నువ్వు గీసిన గీతలు నా చేతులతోనే ఇచ్చాను, ముఖం చూశాను. పదకొండు రోజులైంది, ప్యాడ్ ముట్టలేదు.

అక్క: పుస్తకం కొన్నవాడికి ఆ సూదులు కనబడవు తమ్మీ. పేజీన్నర ఉపన్యాసమే కనబడుతుంది. ఈ ఊళ్లో పుట్టి నువ్వట్ల మాట్లాడితే ఎట్ల? కాళోజీ నాటి నుంచీ మిత్రమండలి ఉన్న ఊరు ఇది. రాసింది నలుగురి ముందు చదవడం, బాగాలేకపోతే బాగాలేదని అక్కడే అనిపించుకోవడం, అయినా మళ్లీ రాసుకుని పోవడం, మనం పెరిగింది అట్ల.

తమ్ముడు: అక్కడ కూర్చున్నవాడు ఒళ్లు బాగున్నవాడు. నువ్వొకటంటే తిరిగి రెండనగలిగినవాడు. కాళోజీ పేరెత్తావు కాబట్టి చెప్తున్నా, ఆయన 2002లో పోయినప్పుడు శరీరాన్ని కాకతీయ మెడికల్ కాలేజీకి ఇచ్చేశారు, ఇప్పుడు ఇక్కడి వైద్య విశ్వవిద్యాలయానికి ఉన్నదీ ఆయన పేరే. కోసి చూసుకోండని ఇచ్చింది పోయినాక అక్కా, బతికుండగా కాదు.

(ఇక్కడ అక్క పకపకా నవ్వింది. నాకూ నవ్వాగలేదు. అయితే మాట తగిలినప్పుడు నవ్వడం ఆమె అలవాటని నాకు తెలుసు.)

తమ్ముడు: నవ్వకు. నేను ఇంగ్లిష్ పాఠాలు చెప్పి బతికేవాణ్ని, నాకు కీట్స్ గుర్తొస్తాడు. వైద్యం నేర్చుకుని కవిత్వంలోకి వచ్చినవాడు. 1818లో ఒక పత్రిక, నీకెందుకయ్యా కావ్యాలు, పోయి మందుల కొట్లో మాత్రలు చుట్టుకో అన్నట్టు రాసింది. మూడేళ్లు తిరక్కముందే పోయాడు, పాతికేళ్లకు. సమీక్షలే చంపాయని తోటి కవి షెల్లీ కావ్యమే రాశాడు.

అక్క: చంపింది క్షయ. వాళ్లమ్మ పోయింది దానితోనే, తమ్ముడు పోయింది దానితోనే. పిల్లలకు సగం పాఠమే చెప్తున్నట్టున్నావు. 1820లో కీట్స్‌కు బాగాలేదని తెలిసి షెల్లీ ఇటలీకి వచ్చి మా దగ్గర ఉండమని ఉత్తరం రాశాడా లేదా? జవాబులో కీట్స్ ఏమన్నాడు? మంచి మాటకు మంచి మాట చెప్పి, ఆ వెంటనే నీ నాటకం చదివాను, నీ పెద్దమనసు కాస్త తగ్గించుకుని కళాకారుడిగా ఉండు, రాసేదాంట్లో ప్రతి పగులూ ఖనిజంతో కూరిపెట్టు అన్నాడు. రక్తం కక్కుతున్నవాడు అన్నమాట అది. 1822లో పడవ మునిగి షెల్లీ శవం ఒడ్డుకు కొట్టుకొస్తే జేబులో కీట్స్ పుస్తకం ఉంది. అలిగినవాడు జేబులో పెట్టుకుంటాడా?

తమ్ముడు: ఆ ఉత్తరంలో రోగి ఆరోగ్యవంతుణ్ని విమర్శించాడు. నువ్వు చేసింది తలకిందులు. ఇంకో సంగతి, రోమ్‌లో ఆఖరి నెలల్లో కీట్స్ పక్కనున్నదెవరు? సెవెర్న్ అని, బొమ్మలు వేసుకునేవాడు. వండిపెట్టాడు, రాత్రుళ్లు మేలుకుని కూర్చున్నాడు. ఏడాదిన్నరలో నువ్వు ఆ డయాలసిస్ గదికి ఎన్నిసార్లు వచ్చావు?

అక్క: రెండుసార్లు.

తమ్ముడు: ఒక్కసారి. రెండోసారి కిందనే నా చేతికి పండ్లిచ్చి పోయావు. అవీ అరటిపండ్లు. పొటాషియం ఎక్కువని ఆయనకు డాక్టర్ మొట్టమొదట మాన్పించినవి.

(ఇదొక దెబ్బ. అక్క చాలాసేపు చెరువు వైపు చూసింది. నేను రెండో చాయ్‌కి లేచాను, వచ్చేసరికి మళ్లీ అందుకున్నారు.)

అక్క: సరే, నాకు ఆస్పత్రి వాసన పడదు, ఎందుకో నీకు తెలుసు. తప్పే. కానీ దానికీ దీనికీ ముడిపెట్టకు. మన జగిత్యాల అలిశెట్టి ప్రభాకర్ సంగతి చూడు. క్షయతో తీసుకుంటూనే ఆంధ్రజ్యోతిలో సిటీ లైఫ్ కవితలు రాశాడు. 1993 జనవరి 12న పోయాడు, నలభై కూడా నిండలేదు. ఆ కవితల్లో ఎక్కడన్నా నన్ను చూసి జాలిపడండి అని ఉందా? నాలుగు చిన్న పాదాలు, బ్లేడు పెట్టి గీసినట్టుంటాయి. పాపం జబ్బు మనిషి కదా అని మార్కులేసి చదువుతామా ఆయన్ని?

తమ్ముడు: ఆయన పేరు ఎత్తకక్కా, నాకు కడుపులో తిప్పుతుంది. అప్పటికి క్షయకు మందుంది. నెలల తరబడి మానకుండా మింగి, కడుపు నిండా తిని, ఒళ్లు దాచుకుంటే తగ్గే జబ్బు. ఆయన కవిత్వం బాగుందనేవాళ్లకు అప్పుడూ కొరత లేదు. మనమేమో ప్రతి జనవరికీ ఒక ఫ్లెక్సీ కడతాం, ఫోటో బాగా రాలేదని కొట్లాడుకుంటాం కూడా. నేను చెప్పేదల్లా, ముందు తిండి, మందు, పక్కన ఒక మనిషి. కవిత్వం నిలబడుతుందా కూలబడుతుందా అన్నది తర్వాత.

అక్క: అదే నేనూ అడిగేది. తిండి పెట్టు, మందు తెచ్చివ్వు, బండి మీద తీసుకుపో, కాళ్లు ఒత్తు. అందులో అబద్ధం ఎందుకు కలుపుతావు?

తమ్ముడు: అబద్ధం కాదు, ధైర్యం చెప్పడం.

అక్క: నా పుస్తకానికి నువ్వు ముందుమాట రాశావు, గుర్తుందా? కీమో నాలుగో సైకిల్ నడుస్తున్నప్పుడు.

తమ్ముడు: అది ఇప్పుడెందుకు?

అక్క: ఇప్పుడే కావాలి. "ప్రతి పాదం ఒక నిప్పురవ్వ" అని మొదలుపెట్టావు. మూడొందల కాపీలు వేశారు, ఆవిష్కరణ సభలో అందరూ కొన్నారు, ఇంటికి తీసుకుపోయి ఎవరూ చదవలేదు. మిగిలినవి నూట ఎనభై మా మంచం కింద ఉన్నాయి. రెండేళ్లాగి, జుట్టు మళ్లీ వచ్చి, మనసు నిమ్మళించాక ఒకరోజు తీసి చదివాను. యాభై రెండు కవితల్లో పదకొండింటిలో ఒకే చెట్టు ఉంది తమ్మీ. ఆకులు రాలిన చెట్టు. జుట్టు రాలిన నేను. పదకొండుసార్లు! ఎవరన్నా ఒక్కరు, అక్కా ఈ చెట్టు ఒక్కటి చాలు, పది కొట్టేయ్ అంటే నేను కొట్టేసేదాన్ని కాదా? అప్పుడు నాకు అన్నం సహించేది కాదు, మెట్లెక్కలేకపోయేదాన్ని, కానీ కవిత కొట్టెయ్యడానికి ఎంత బలం కావాలి? పెన్ను పట్టుకునేంత. ఆ మాత్రం ఉండేది.

తమ్ముడు: ఆ ముందుమాట పుస్తకం కోసం రాయలేదక్కా. నువ్వు చదువుకోవడానికి రాశాను.

అక్క: చదువుకున్నాను. నువ్వు అంతకుముందు నా మూడు పుస్తకాలకు సమీక్ష రాశావు, ఒక్కదాన్నీ వదిలిపెట్టలేదు, ఒకసారి ఆరు నెలలు మాట్లాడుకోలేదు కూడా మనం. అట్లాంటివాడు నిప్పురవ్వ అని రాసేసరికి అర్థమైపోయింది. రిపోర్టుల్లో ఏముందో మా ఆయన నాకు చెప్పడం లేదని, నీకు చెప్పాడని. డాక్టర్ చెప్పనిది నీ పొగడ్త చెప్పింది. ఆ రాత్రంతా ఏడ్చాను, నువ్వేమో ధైర్యం చెప్పాననుకున్నావు.

(ఎవరూ మాట్లాడలేదు. పక్కన ఎవరో పిల్లవాడికి బజ్జీలు కొనిస్తున్నారు, వాడు కారం లేనిది కావాలని గోల. ఈ మాట నాకు అదే మొదటిసారి వినడం.)

తమ్ముడు: నిజంగానే అనుకున్నాను. పోతావని. పోతున్న మనిషితో పదకొండు కవితల్లో ఒకే చెట్టుందని చెప్పే నోరు నాకు లేదు, ఇప్పుడూ లేదు. నువ్వు బతికావు కాబట్టి ఇప్పుడు నన్ను తిడుతున్నావు. బతక్కపోతే ఆ నిప్పురవ్వ ఒక్కటే నీకు మిగిలేది.

అక్క: బతక్కపోతే ఆ పదకొండు చెట్లు మిగిలేవి, నా పేరు మీద.

తమ్ముడు: అందరూ నీలాగ ఉండరు. పెద్దన్న మెత్తని మనిషి.

అక్క: మెత్తని మనిషా! నా ఉత్తరం అందిన మర్నాడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశారు. నలభై నిమిషాలు. ఆ ఉపన్యాసం ఎందుకుండాలో చెప్పారు, నేను ఒప్పుకోలేదు, కేకలేశారు, మా ఆయన లేచి వచ్చి ఎవరని అడిగాడు. ఆ నలభై నిమిషాల్లో క్రియాటినిన్ అన్న మాట, అదే ఆ కిడ్నీ పరీక్ష లెక్క, ఒక్కసారి రాలేదు తమ్మీ. ఈ ఏడాదిన్నరలో ఆయన నాతో అది లేకుండా మాట్లాడింది ఆ ఒక్క రోజే.

తమ్ముడు: నాకు చెప్పలేదే.

అక్క: నీకెందుకు చెప్తారు? నువ్వు అద్భుతం అన్నావు కదా. అద్భుతం అన్నవాడితో ఏం మాట్లాడతాం?

తమ్ముడు: సరే, ఆ మర్నాటి సంగతి నేను చెప్తాను. అది శనివారం. రాత్రి నిద్రలేదు, పొద్దున మెషిన్ మీద రెండో గంటకే బీపీ పడిపోయింది, సెలైన్ ఎక్కించారు, సగంలో ఆపేద్దామా అన్నారు. నువ్వు రాత్రి పదకొండింటికి గెలిచావు, పొద్దున అక్కడ ఉన్నది నేను. విమర్శ చెయ్యి, వద్దనడం లేదు, శుక్రవారం రాత్రి చెయ్యకు. నాకు ఫోన్ చేసి అడుగు, ఏ రోజు కాస్త తేలిగ్గా ఉంటారో నాకు తెలుసు. ఆదివారం సాయంత్రాలు బాగుంటారు. కళ్లు లాగుతాయి కాబట్టి ఉత్తరం రాయకు, వచ్చి చదివి వినిపించు. ఆరు పేజీలు వద్దు, పూటకు ఒక కథ.

(చూడండి, వాదం ఎక్కడికి వచ్చిందో. ఇతను ఓడిపోయాడని నేననుకుంటున్న చోట ఇతనే షరతులు పెడుతున్నాడు. అక్క కూడా గమనించింది, కానీ ఒప్పుకునే రకం కాదు.)

అక్క: ఆ చివరి పేజీన్నర?

తమ్ముడు జవాబు చెప్పకుండా చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన పేపర్ ముక్క తీశాడు.

తమ్ముడు: నిన్న మెషిన్ మీద ఉండగా నీకివ్వమన్నారు. ఇద్దామా వద్దా అని పొద్దున్నుంచీ నా దగ్గరే పెట్టుకున్నాను. పోయిన వారం పేపర్లో వచ్చిన నీ కవిత ఇది. పెన్సిల్‌తో ఏదో రాశారు.

అక్క కళ్లజోడు పెట్టుకుని, చాయ్ బండి లైటు కిందికి పోయి చదివింది. నేనూ వెనకనుంచి చూశాను. నాలుగో పాదం కింద వంకరగా గీత, పక్కన "చెవికి బాగుంది. ఏమిటి దీని అర్థం?" అని. అడుగున ఇంకో రెండు ముక్కలు: "సీసాలో పేజీ తీసేశాను. అర పేజీ ఉంటుంది, మళ్లీ అడగకు."

అక్క: అర్థం లేదా? నాలుగో పాదానికి? ఆ పాదం కోసమే కవిత రాశాను నేను! పద, బండి తియ్యి, ఇప్పుడే పోదాం ఆయన దగ్గరికి.

తమ్ముడు: ఎనిమిదిన్నర అయింది, పడుకుని ఉంటారు. మంగళవారం రా. ఆరున్నరకల్లా ఇంటిదగ్గర ఉండాలి, నాకు ఆ రోజు పరీక్ష డ్యూటీ ఉంది, నువ్వే తీసుకుపో.

అక్క: నాకు బండి రాదు కదా.

తమ్ముడు: ఆటోలో తీసుకుపో. ఎడమచెయ్యి పట్టుకుని ఎక్కించకు, ఆ చెయ్యి ఎవరూ పట్టుకోకూడదు. అరటిపండ్లు తేకు.