వయసుకు తగ్గట్టే ఉందట!

ఇప్పుడే స్కానింగ్ సెంటర్ నుంచి ఇంటికొచ్చాను. ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది.

అమ్మ మతిమరుపు సంగతి తేలుద్దామని తీయించిన ఎమ్మారై రిపోర్టు ఇచ్చారు. కవరు చూస్తే పెళ్లి ఆల్బమ్ అంత. లోపల అసలు మాట ఒక్క లైను: ఏజ్ రిలేటెడ్ సెరిబ్రల్ అట్రోఫీ. వయసుతో పాటు మెదడు కాస్త కుంచించుకుపోయిందట, అంతే! హిప్పోకాంపస్ చూడండి మహాప్రభో అని న్యూరాలజిస్టు చీటీ మీద గీత గీసి మరీ రాశారు. కణతల లోపల ఉండే ఆ చిన్న భాగమే కొత్త జ్ఞాపకాలకి ఆధారం. మతిమరుపు తెచ్చే అల్జీమర్స్ జబ్బులో ముందుగా దెబ్బతినే చోట్లలో అదొకటి. దాని చుట్టూ ఎంత కుంచించుకుపోయిందో చూసి 0 నుంచి 4 వరకు మార్కు వేసే పద్ధతి 1992 నుంచీ ఉంది. వేశారా? కుడివైపు ఎలా ఉంది, ఎడమవైపు ఎలా ఉంది, ఒక్క ముక్క లేదు. అడిగితే "నార్మలే మేడమ్, ఈ వయసులో అందరికీ ఉంటుంది" అన్నాడు బిల్లు కొట్టే అబ్బాయి. ఆయన డాక్టరని నాకు తెలీదు, పొరపాటైపోయింది.

అమ్మకి 68. స్కాన్‌కి ముందు లోహం ఏదీ ఉండకూడదంటే నేనే సబ్బు రాసి గాజులు ఒక్కోటీ తీసి పర్సులో వేసుకున్నాను. బయటికొచ్చాక చేతులు చూసుకుని, హాలు నిండా జనం ముందు "నా గాజులు ఇదే కాజేసింది" అంది నన్ను చూపించి. పక్కావిడ తన బ్యాగు ఒళ్లోకి లాక్కుంది. ఇదీ వయసుకు తగ్గట్టేనా?

ఇంతలో డాలస్ నుంచి అన్నయ్య మెసేజ్: "అమిలాయిడ్ పెట్ స్కాన్ చేయించు." అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్‌ని చూపించే స్కాన్ అది. అన్నయ్యా, ఆ స్కాన్‌కి ఎక్కించే మందులో రేడియోధార్మికత దాదాపు 110 నిమిషాలకే సగానికి పడిపోతుంది, మందుల షాపులో కొని దాచుకునే సరుకు కాదు. పైగా మతి శుభ్రంగా ఉన్న పెద్దవాళ్లలోనూ అమిలాయిడ్ కనిపించొచ్చు. సంక్రాంతికి వస్తానన్నావు, గుర్తుందా? మతిమరుపు ఎవరికో!

1901లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో డాక్టర్ అల్జీమర్ దగ్గరికి అగస్టె డెటర్ అనే 51 ఏళ్లావిడని తీసుకొచ్చారు. ఆవిడ మెదడులో ఏముందో చూడాలంటే 1906లో ఆవిడ పోయేదాకా ఆగాల్సొచ్చింది. మనకి మనిషి బతికుండగానే చూపించే మిషన్లున్నాయి. చూసే ఓపికే లేదు.

అసలు "వయసు" అన్న మాట వింటేనే నాకు నాన్నమ్మ రోజులు గుర్తొస్తాయి. కడుపునిండా తిని అరుగు మీదికెళ్లి "కోడలు అన్నం పెట్టట్లేదు" అని దారినపోయేవాళ్లకి చెప్పేది. మేనత్తలిద్దరూ బస్సు దిగి పంచాయితీ పెట్టారు. వాళ్లమ్మది వయసట, మా అమ్మది పొగరట! నాన్నమ్మ అప్పుడే తిన్న ఎంగిలి కంచం అమ్మ తెచ్చి చూపిస్తే "అది నీదేమో" అంది చిన్నత్త. అమ్మ మారుమాట్లాడకుండా కంచం తీసుకుని లోపలికెళ్లిపోయింది. అప్పుడు నాన్నమ్మకి ఏ స్కానూ లేదు, ఏ డాక్టరూ లేడు. అనుమానం మాత్రం అమ్మ మీదే. ఆ మాటకి ఇప్పటిదాకా ఒక్కరు "తప్పయింది" అన్న పాపాన పోలేదు. ఇందాక అదే చిన్నత్త ఫోన్: "నార్మలే అన్నారటగా, మీ అమ్మది మొదట్నుంచీ నటనే."

ఫోన్ పెట్టేశాను. రేపు ఫిల్ములు పట్టుకుని న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్తున్నాను, ఆయనే చూసి చెప్తారు.

ఇది రాస్తుంటే వంటింట్లోంచి అమ్మ అడుగుతోంది, గాజులు దొరికాయా అని. చేతికే ఉన్నాయి.