మడమ గారి ఉదయ దర్బారు

రోగాలన్నింటికీ లోకంలో సమాన గౌరవం లేదు. జ్వరం వస్తే థర్మామీటరు సాక్ష్యం చెబుతుంది, చెయ్యి విరిగితే కట్టు చెబుతుంది, జలుబు చేస్తే ముక్కు నలుగురికీ వినిపించేలా తన సంగతి తానే చెప్పుకుంటుంది. మడమ నొప్పికి మాత్రం సాధారణంగా వాపు ఉండదు, ఎరుపు ఉండదు, చూపించుకోవడానికి కనీసం ఒక గీత అయినా ఉండదు. పైగా అది శరీరంలో అట్టడుగున ఉండే భాగం కావడం వల్ల, "నాకు మడమ నొప్పండీ" అని చెప్పగానే ఎదుటివారి చూపు ఒక్క క్షణం కిందికి దిగి, అక్కడ చెప్పుకోదగ్గది ఏమీ కనిపించక, మళ్ళీ పైకి వచ్చి, "అలాగా, ఇంకేమిటి విశేషాలు?" అన్న దగ్గర స్థిరపడుతుంది.

నిజానికి ఇది అరుదైన జబ్బేమీ కాదు. 100 మందిలో సుమారు 10 మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని వైద్యులు అంచనా వేస్తారు. 40 నుంచి 60 ఏళ్ళ మధ్య వయసు వారంటే దానికి ప్రత్యేకమైన అభిమానం. గంటల తరబడి నిలబడి పనిచేసేవారు, బరువు పెరిగినవారు, పిక్కలు బిగుసుకుపోయినవారు, దూరాలు పరుగెత్తేవారు దాని ఆత్మీయుల జాబితాలో ముందుంటారు. బడిలో పాఠాలు చెప్పుకునే నాకు ఇందులో పరుగు ఒక్కటి తప్ప తక్కిన అర్హతలన్నీ ఉన్నాయి.

పాదంలో ఉండే 26 ఎముకలలో అన్నింటికన్నా పెద్దది మడమ ఎముక. దాని అడుగు నుంచి బయలుదేరి, అరికాలి పొడవునా సాగి, కాలివేళ్ళ మొదళ్ళ దాకా వెళ్ళే దళసరి పట్టీ ఒకటి ఉంది. వింటికి నారి ఎటువంటిదో పాదం వంపుకు ఆ పట్టీ అటువంటిది. ఏళ్ళ తరబడి మనల్ని మోసి మోసి, మడమ ఎముకను అంటుకునే చోట అది అరిగి, నలిగి, కంటికి కనబడనంత సన్నగా చిరిగి, ఇక నా వల్ల కాదని మొరాయించడాన్నే ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు. రాత్రి పడుకున్నప్పుడు పాదం ముందుకు వాలి ఉంటుంది కాబట్టి ఆ పట్టీ, దానితోపాటు పిక్క కండరం, రెండూ కుదించుకుని హాయిగా విశ్రమిస్తాయి. తెల్లవారి మనం లేచి మొదటి అడుగు వేయగానే, ముందుగా ఒక్క మాటైనా చెప్పకుండా, ఒళ్ళు బరువంతా వాటి మీద పడుతుంది. అప్పుడు మనిషి నోట వచ్చే మాటను అచ్చులో పెట్టడం మర్యాద కాదు.

ఈ జబ్బు చేసే అసలు మోసం ఆ తరువాత మొదలవుతుంది. పదో ఇరవయ్యో అడుగులు పడేసరికి పట్టీ కాస్త సాగి, నొప్పి చల్లబడుతుంది. మంచం దగ్గర కుంటుడుగా బయలుదేరినది వంటగది గుమ్మం చేరేసరికి చక్కని నడకగా మారిపోతుంది. మా వారు నిద్ర లేచి వచ్చేది సరిగ్గా ఆ గుమ్మం దగ్గరికే. "మడమ నొప్పన్నావు, బాగానే నడుస్తున్నావే!" అంటారు. ఆ మాటలో సంతోషం పాలెంత, సందేహం పాలెంత అన్నది తేల్చడం నాకు ఇప్పటికీ సాధ్యం కాలేదు. సాయంత్రం నిలబడి నిలబడి ఇల్లు చేరాక నొప్పి మళ్ళీ వస్తుంది, చాలాసేపు కూర్చుని లేచినా వస్తుంది, సాక్షులు ఉన్నప్పుడు మాత్రం రాదు.

"ఎముక పెరిగి ఉంటుందమ్మా, ఎక్స్‌రే తీయించు" అని అన్నయ్య ఫోనులోనే తీర్పు చెప్పాడు. అన్నయ్యకు వైద్యశాస్త్రంతో ఉన్న అనుబంధమల్లా, ఆయనకు తెలిసినవారిలో చాలామందికి జబ్బులు చేసి ఉండటమే. తీర్పుతో ఊరుకోక ఒక లేపనం పేరు కూడా చెప్పి, వారం రోజులు రాస్తే నొప్పి జాడ ఉండదని హామీ ఇచ్చాడు. ఎముక పెరగడం అన్న మాటకు జనంలో ఉన్న పలుకుబడి అంతా ఇంతా కాదు. అది వినగానే అప్పటిదాకా నా నొప్పిని నమ్మనివారు సైతం కుర్చీ జరిపి కూర్చోబెట్టారు. మడమ ఎముక అడుగున చిన్న ముల్లు కనబడే మాట వాస్తవమే. అయితే ఆ ముల్లు నొప్పి అంటే ఏమిటో ఎరగని వారి ఎక్స్‌రేలలోనూ దర్శనమిస్తుంది, నొప్పితో విలవిలలాడే కొందరిలో వెతికినా దొరకదు. నేరం జరిగిన చోట కనబడిన పాపానికి దానినే దోషిగా తేల్చడం న్యాయం కాదు.

డాక్టరుగారు ఎక్స్‌రే మాట ఎత్తకుండా ప్రశ్నలు మొదలుపెట్టారు. తిమ్మిరి ఉందా, మంట ఉందా, రాత్రి నిద్రలో నొప్పి లేపుతోందా, దెబ్బ ఏమైనా తగిలిందా, జ్వరం వస్తోందా అని ఆమె అడుగుతూ ఉంటే, ప్రతి దానికీ "లేదండీ" అని చెబుతూ, నా జబ్బు ఎందుకూ కొరగానిదని తేలిపోతుందేమోనని నేను లోలోపల కుంగిపోయాను. వాటిలో ఏ ఒక్కటి ఉన్నా దారి వేరే ఉంటుందట; నరం నొక్కుకుపోవడం, ఎముక చిట్లడం, కీళ్ళ వాతం వంటివి కూడా మడమలోనే మకాం వేస్తాయి. చివరికి ఆమె నా మడమను చేతిలోకి తీసుకుని, అడుగున లోపలి వైపు ఒక్క చోట బొటనవేలితో నొక్కారు. నేను వేసిన కేకకు బయట వరుసలో కూర్చున్నవారిలో కొందరు తమ వంతు వెనకవారికి ఇచ్చేశారు. డాక్టరుగారు మాత్రం ఎంతో తృప్తిగా, "ఇదేనమ్మా" అన్నారు.

ఆ తరువాత వచ్చినదంతా నిరాశే. ఎక్కువమందికి శస్త్రచికిత్స అవసరం లేకుండా ఏడాది లోపల తగ్గిపోతుందని ఆమె శుభవార్త చెప్పినట్లు చెప్పారు. వారం లెక్కన సిద్ధపడి వెళ్ళిన మనిషికి ఏడాది లెక్క చెప్పడం శుభవార్త ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు. ఇంజెక్షన్ ఇచ్చేయమని వేడుకున్నాను. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో వచ్చే ఉపశమనం కొద్ది వారాల పాటు మాత్రమేనని, అది పదేపదే ఇస్తే మడమ కింద మెత్తగా ఉండే కొవ్వు పొర పలచబడవచ్చునని, ఒక్కోసారి ఆ పట్టీయే తెగిపోయే ప్రమాదం ఉందని ఆమె వివరించగా, నా వేడుకోలును మర్యాదగా వెనక్కి తీసుకున్నాను. మందుల చీటీ నిండా వ్యాయామాలే ఉన్నాయి.

మొదటి వ్యాయామం చదవడానికి చాలా తేలిక. ఉదయం కాలు నేల మీద మోపకముందే, మంచం మీద కూర్చుని, నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలి మీద వేసుకుని, చేత్తో కాలివేళ్ళను ముంగాలి వైపుకు లాగి 10 సెకన్లు పట్టుకోవాలి. అలా 10 సార్లు, రోజుకు మూడు పూటలా. వేళ్ళు పైకి వంగితే అరికాలి పట్టీ బిగిసి పాదం వంపు లేస్తుందని జె. హెచ్. హిక్స్ అనే పరిశోధకుడు 1954లోనే వివరించాడు. నిజమే, రెండో చేతితో తడిమితే ఆ పట్టీ గట్టిపడటం వేళ్ళకు తెలుస్తుంది. అయితే ఆ పరిశోధకుడి ఇంట్లో బడికి వెళ్ళే పిల్లలు లేరని నా అనుమానం. నేను బొటనవేలిని పట్టుకుని లెక్క మొదలుపెట్టగానే ఇంటికి సంబంధించిన సమస్త వ్యవహారాలూ మేలుకుంటాయి.

"అమ్మా, నా సాక్సు కనబడటం లేదు!"

"ఏడు!" అన్నాను నేను, లెక్క తప్పకుండా.

"సాక్సు కోసం ఏడవడం దేనికమ్మా?" అని మా అమ్మాయి బిక్కమొహం వేసుకుని గుమ్మంలో నిలబడింది. దానిని ఊరడించడానికి మంచం దిగవలసి వచ్చింది, దిగిన పాదం సాగదీయని పాదం, ఆ పైన జరిగినది ఇందాకే మర్యాద కాదన్నాను. పిక్కల కోసం చేయవలసిన రెండో వ్యాయామంలో, రెండు చేతులూ గోడకు ఆనించి, నొప్పి ఉన్న కాలిని వెనక్కి పెట్టి, మోకాలు వంచకుండా, మడమ లేపకుండా ముందుకు వాలాలి. దాని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, మా వారు ఆ దారిన పోయినప్పుడల్లా "గోడ ఏమైనా కదిలిందా?" అని అడుగుతారన్నది తప్ప.

సీసా కథ మాత్రం కాస్త నిదానంగా చెప్పుకోవాలి. ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు పోసి, ఫ్రీజర్‌లో గడ్డ కట్టించి, సాక్సు వేసుకున్న పాదం కింద దానిని పది పదిహేను నిమిషాలు దొర్లిస్తే నొప్పి నెమ్మదిస్తుంది. అది నిజంగానే సుఖంగా ఉంటుంది. ఒక రోజు సాయంత్రం మా ఉపాధ్యాయుల సమావేశం ఆన్‌లైన్‌లో జరిగింది. కెమెరా ముందు కూర్చున్న మనిషి నడుము పైభాగానికి మాత్రమే జవాబుదారీ కాబట్టి, సమావేశమూ వైద్యమూ ఏకకాలంలో ముగుస్తాయన్న సదుద్దేశంతో, బల్ల కింద సీసా పెట్టి పాదం దాని మీద ఆనించాను. ప్రధానోపాధ్యాయులు క్రీడోత్సవాల నిర్వహణ ఎవరు తీసుకుంటారని అడుగుతున్న క్షణంలోనే సీసా దొర్లుతూ వచ్చి సరిగ్గా ఆ నొప్పి చోటుకు చేరింది. నా కళ్ళు విప్పారాయి, పెదవులు బిగిశాయి, తల దానంతట అదే పైకీ కిందికీ ఊగింది.

"మేడమ్‌గారు చాలా ఉత్సాహంగా ఉన్నట్టున్నారు" అన్నారు ప్రధానోపాధ్యాయులు.

కాదని చెప్పడానికి నోరు తెరిచేసరికి, కరుగుతున్న సీసాకు పట్టిన తడి వల్ల అది పాదం కింద నుంచి జారి ముందుకు ఉరికింది. దానిని అందుకోవడానికి నేను కాలు చాపాను. నేను కూర్చున్నది ఆఫీసుల్లో ఉండే చక్రాల కుర్చీ కావడం వల్ల, కాలు ముందుకు వెళ్ళిన కొద్దీ కుర్చీ వెనక్కి వెళ్ళింది, మధ్యలో నేను కిందికి వెళ్ళాను. తెర మీద ఖాళీ కుర్చీ ఒక్కటే మిగిలింది. బల్ల కింద కూర్చున్న నాకు పై నుంచి, "చూశారా, ఆవిడ అప్పుడే రంగంలోకి దిగిపోయారు" అన్న మాట స్పష్టంగా వినిపించింది. అభ్యంతరం చెప్పాలని బల్ల పట్టుకుని గబగబా లేచాను. అప్పటికి నేను కూర్చుని అరగంట దాటింది. అరగంట కూర్చున్న మడమ మొదటి అడుగుకు ఎలా స్వాగతం పలుకుతుందో చెప్పనే చెప్పాను. మైకు ఆపి లేదు. నేను వేసిన కేకను విజయధ్వానంగా అర్థం చేసుకున్న సహోద్యోగులు చప్పట్లు కొట్టారు. ఎక్కువసేపు నిలబడవద్దని డాక్టరుగారు రాసిచ్చిన మనిషి క్రీడోత్సవాల బాధ్యతను స్వచ్ఛందంగా స్వీకరించినట్లు ఆ రోజు నివేదికలో నమోదైంది.

క్రీడోత్సవాలను నేను మైదానం నడుమ కుర్చీ వేయించుకుని, ఈల ఒక్కటే ఆయుధంగా నడిపించాను. ఆ వంకతో మడమకు మెత్తని ఆసరా ఉండే బూట్లు ఉద్యోగ ధర్మంగా కొనుక్కున్నాను. పాదం కొలత తీయించి ప్రత్యేకంగా చేయించిన అట్టలకూ రెడీమేడ్ వాటికీ నొప్పి తగ్గించడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదని పరిశోధనలు చెబుతున్నందువల్ల, లోపల రెడీమేడ్ అట్టలే వేసుకున్నాను. ఇంట్లో గట్టి నేల మీద వట్టి కాళ్ళతో తిరగడం మానేశాను. రాత్రిపూట పాదాన్ని నిటారుగా నిలిపి ఉంచే స్ప్లింట్‌ను కూడా ప్రయత్నించాను. అది పట్టీని కుదించుకోనివ్వదు, కానీ నిద్రలో అటు తిరిగినప్పుడల్లా మా వారి ముంగాలిని పలకరించేది. అంతటితో మా ఇంట్లో కాలు నొప్పి ఉన్నవారు ఇద్దరయ్యారు, నా నొప్పి మీద ఆయనకున్న సందేహం కూడా కొంత తగ్గింది.

నన్ను నిజంగా దారిలో పెట్టినది ఫిజియోథెరపిస్ట్ నేర్పిన మెట్ల వ్యాయామం అని నా నమ్మకం. చుట్టిన తువ్వాలు మెట్టు మీద పెట్టి, దాని మీద కాలివేళ్ళు ఎత్తుగా ఆనించి, మడమను మెట్టు బయటికి వదిలి, ఒంటి కాలి మీద మూడు సెకన్లలో నెమ్మదిగా లేచి, రెండు సెకన్లు ఆగి, మూడు సెకన్లలో దిగాలి. రోజు విడిచి రోజు చేయాలి. డెన్మార్క్‌లో జరిపిన ఒక పరిశోధనలో, మూడు నెలలు గడిచేసరికి ఉత్త సాగదీత వ్యాయామం చేసినవారికన్నా ఇది చేసినవారికి ఎక్కువ మేలు కనబడింది. ఏడాది తిరిగేసరికి రెండు వర్గాలూ సమానమయ్యాయన్నది వేరే విషయం. మేడ మెట్ల మీద, గోడ పట్టుకుని, తువ్వాలు మీద ఒంటి కాలితో, పైకీ పోక కిందికీ రాక లేస్తూ దిగుతూ ఉన్న నన్ను చూసి పై వాటా ఆవిడ చాలాసేపు ఓపిగ్గా నిలబడి, చివరికి, "ముందు మీరు ఏదో ఒకటి తేల్చుకోండి, తరువాత నేను దిగుతాను" అన్నారు.

నెలలు గడిచాయి. ఉదయపు మొదటి అడుగు కేక నుంచి మూలుగుకు, మూలుగు నుంచి నిట్టూర్పుకు దిగింది. ఈ సంగతి తెలిసి అందరికన్నా ఎక్కువ సంతోషించినది అన్నయ్య. నేను మూత కూడా తీయని ఆ లేపనం ప్రతాపం గురించి ఆయన తెలిసినవారందరికీ ఫోను చేసి, "మా చెల్లెలికి వారంలో తగ్గింది" అని చెబుతున్నాడు. నిన్న వారిలో ఒకాయన నాకే ఫోను చేశారు. నేను ఉత్సాహంగా, "ఉదయం మంచం దిగకముందే కాలివేళ్ళను పట్టుకుని పది లెక్కపెట్టండి" అని మొదలుపెట్టి, పిక్కల దాకా వచ్చి, గోడ దాటి, మెట్లు ఎక్కబోతూ ఉండగా ఆయన నన్ను మర్యాదగా ఆపి, "అదంతా తీరిగ్గా వింటానమ్మా, ముందు ఆ లేపనం పేరు చెప్పండి, రాసుకుంటాను" అన్నారు.