తక్కువ డబ్బుతో రోడ్ బైక్ కొనడం నేరమా?

మొదటి రోడ్ బైక్ (అదే, రోడ్డు మీద వేగంగా తొక్కే సైకిల్) కొందామని వెళ్తే ఇంత టెన్షనా? నా బడ్జెట్ ఇంతే అని చెప్పగానే షాపులో మొహాలు మారిపోతాయి. "ఇంకాస్త పెట్టండి, కార్బన్ ఫ్రేమ్ వస్తుంది." ఎక్కణ్ణుంచి పెట్టాలి? మంచి అల్యూమినియం ఫ్రేమ్ చాలని మూడుసార్లు చెప్పాను!

నా ఎత్తెంత, కాళ్ల పొడవెంత అని ఒక్కరూ అడగరు. నాకు సరిపోయేది 54 సెంటీమీటర్ల ఫ్రేమ్ సైజు. వాళ్ల దగ్గరున్నది 58. "సీటు దించేస్తే సరిపోతుంది సార్!" సీటు దించితే హ్యాండిల్ దగ్గరికి వస్తుందా? పది నిమిషాలు తొక్కానో లేదో మెడ పట్టేసింది, అరచేతులు తిమ్మిరెక్కాయి. బ్రేక్ లీవర్ అందుకోవాలంటే ఒళ్లంతా ముందుకు సాగాలి. ఇలాంటి బండిని అంటగట్టడానికి మనసెలా వస్తుంది?

గేర్లదీ అదే గోల. ఫ్రేమ్ మీద "21" అని పెద్ద స్టిక్కర్. ముందు 3 పళ్లచక్రాలు, వెనక 7, మూడేళ్లు ఇరవై ఒకటి, అంతేగా! వాటిలో చాలా గేర్లు దాదాపు ఒకేలా ఉంటాయి. ముందు 2, వెనక 8 ఉన్న క్లారిస్ (షిమానో కంపెనీ రోడ్ బైక్ గేర్ల సెట్) 16 గేర్లే అయినా ఎంతో నయం. ఆ ముక్క ఎందుకు చెప్పరు? ఫ్రేమ్‌లో 28 ఎంఎం వెడల్పు టైరు పడుతుందా అంటే జవాబుండదు.

బిల్లు దగ్గర ఇంకో దెబ్బ. హెల్మెట్ వేరే, పంపు వేరే, లైట్లు వేరే. కొన్నిటికి పెడళ్లు కూడా రావు! ముందే చెప్పొచ్చు కదా?

పోనీ సెకండ్ హ్యాండ్ చూద్దామంటే "కొత్తదానిలా ఉంది" అంటారు. వెళ్లి చూస్తే చైన్ సాగిపోయి, వెనక గేర్ల పళ్లు అరిగి మొనదేలి ఉన్నాయి. అవన్నీ మార్పించే ఖర్చు ఎవరిస్తారు?