పాలడిన్ అంటే హెడ్ కానిస్టేబుల్ కాదు

డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్) అని, తలా ఒక పాత్ర తీసుకుని డైస్ వేస్తూ కథ నడిపించే ఆట ఒకటుంది. అందులో ఈసారి పాలడిన్, అంటే ధర్మవీరుడి పాత్ర, ఆడతానని చెప్పగానే మా గ్రూప్‌లో ఒకడు "అయిపోయింది, ఇక దొంగతనాలు బంద్" అని నిట్టూర్చాడు. వాణ్ణి ఏమీ అనలేను. ఆ పేరు చెడగొట్టుకుంది పాలడిన్ ఆడేవాళ్లే. పక్కవాడు ఎవరి జేబులోనో చెయ్యి పెడితే కత్తి దూస్తారు. సత్రంలో తాగేవాళ్లకు నీతులు చెబుతారు. లొంగిపోయినవాణ్ణి మాత్రం "చెడ్డజాతి" అని నరికేస్తారు. ధర్మవీరుడంటే ఇదా?

పాత రూల్స్‌కీ ఇందులో వాటా ఉంది. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ప్రకారం పాలడిన్ తెలిసి ఒక్క దుర్మార్గం చేసినా ఆ హోదా మళ్లీ రాదు. ఇక వాణ్ణి ఎలా ఇరికించాలా అన్నదే ఆట నడిపే డీఎంలకు సరదా అయిపోయింది. కానీ అందులోనే ఎవరికీ గుర్తుండని రూల్స్ ఇంకొన్ని ఉన్నాయి: ఆదాయంలో పదో వంతు దానమివ్వాలి, మ్యాజిక్ వస్తువులు పదికి మించి ఉంచుకోకూడదు. ఇవన్నీ వాడి మీద వాడికే. పక్కవాడి సంచీ సోదా చెయ్యమని ఎక్కడా లేదు.

2014 ఐదో ఎడిషన్‌లో పాలడిన్ లాఫుల్ గుడ్ (నియమం తప్పని మంచివాడు) అయి తీరాలన్న షరతు లేదు, ప్రమాణం ఉంటే చాలు. నాకు అదే నచ్చింది.

పోయిన ఆదివారం ఆటలో ఒక గోబ్లిన్ (పొట్టి రాక్షసుడి లాంటివాడు) దొరికాడు. "దారి చెప్పు, ప్రాణం తియ్యం" అని మాటిచ్చాను. చెప్పాడు. వెంటనే మా రోగ్ (దొంగ పాత్ర ఆడేవాడు) "మాటిచ్చింది నువ్వు, నేను కాదుగా" అంటూ వాణ్ణి కొట్టడానికి డైస్ అందుకున్నాడు. లెక్కప్రకారం వాడన్నది నిజమే. నేను అటు తిరిగి నిలబడితే సరిపోయేది. కానీ 'కుంజరః' అని మెల్లగా అన్నందుకు ధర్మరాజు రథమే నేలకు దిగింది, నేనెంత? కత్తి తియ్యలేదు, నీతులు చెప్పలేదు. వెళ్లి గోబ్లిన్‌కి అడ్డంగా నిలబడ్డాను. "ముందు నన్ను కొట్టు" అన్నాను. మేం ఆడే డిస్కార్డ్ కాల్‌లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వాడు డైస్ కింద పెట్టేశాడు.

మూడో లెవెల్ కదా, లే ఆన్ హ్యాండ్స్‌లో (చెయ్యి పెట్టి గాయాలు మాన్పే శక్తి) నాకున్నవే 15 పాయింట్లు. పది అప్పటికే మా విజర్డ్‌కి పోయాయి. మిగిలిన ఐదూ ఆ గోబ్లిన్ కాలికి పెట్టాను. అందరూ ఒకేసారి మీద పడ్డారు, "బుద్ధుందా?" అని.

తర్వాతి గుహలో ప్రాణం పాయింట్లు జీరో అయి పడిపోయింది నేనే. లేపింది ఆ రోగే, తన దగ్గరున్న ఒకే ఒక్క పోషన్ (గాయాలు మాన్పే మందు) పోసి. పోస్తూ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.