పైలట్ వద్దన్నా విమానం ఎందుకు లేచింది?

1944 నవంబర్ 14న లండన్ పక్కనున్న నార్తోల్ట్ నుంచి బయల్దేరిన యార్క్ విమానం ఫ్రాన్స్‌లోని ఆల్ప్స్ కొండల్లో కూలి, అందులో ఉన్న పది మందీ చనిపోయారు. బ్రిటన్ ఎయిర్ చీఫ్ మార్షల్ ట్రాఫోర్డ్ లీ-మలోరీ, ఆయన భార్య డోరిస్, ఎనిమిది మంది సిబ్బంది. శత్రువు తూటా ఒక్కటీ తగల్లేదు. వాతావరణం బాగోలేదని సిబ్బంది చెప్పినా వెళ్లాల్సిందేనని ఆయన పట్టుబట్టకపోతే ఈ ప్రమాదం తప్పి ఉండేదేమోనని విచారణలో తేల్చారు. శిథిలాలు కూడా మరుసటి ఏడాది జూన్‌లో గానీ దొరకలేదు.

ఆయన వస్తున్నది మన వైపే, ఆగ్నేయాసియా వాయుసేనలకు అధిపతిగా. 1942 ఏప్రిల్‌లో విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు వేసింది కదా, ఆ జపాన్‌తోనే బర్మాలో అప్పటికి హోరాహోరీ పోరు నడుస్తోంది.

ఎవరెస్ట్ మీద 1924లో కనిపించకుండా పోయిన జార్జ్ మలోరీకి ఈయన తమ్ముడు. మొదటి ప్రపంచ యుద్ధంలో పదాతి దళంలో గాయపడి, తర్వాత విమానాల్లోకి మారారు. 1940లో జర్మన్ విమానాలు ఇంగ్లండ్ మీద విరుచుకుపడినప్పుడు, చాలా స్క్వాడ్రన్లను, అంటే యుద్ధ విమాన దళాలను, ఒకచోట చేర్చి పెద్ద గుంపుగా పంపాలని ఈయన వాదించారు; అంత టైం లేదు, ఉన్నవాళ్లను వెంటనే లేపాలని తోటి వాయుసేన కమాండర్ కీత్ పార్క్ అన్నారు. నాకైతే పార్క్ వాదనే సబబనిపిస్తుంది, గుంపు కట్టేలోపు బాంబులు పడిపోతాయి కాబట్టి. అయినా ఆ ఏడాది చివర్లో పార్క్ సీట్లో కూర్చున్నది లీ-మలోరీయే.

కానీ 1944 మేలో ఆయన చేసిన పని నాకు చాలా నచ్చుతుంది. జర్మనీ చేతిలో ఉన్న ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరం మీద దాడికి కొద్ది రోజుల ముందు, అమెరికన్ పారాట్రూపర్లను అక్కడి కోటెంటిన్ ద్వీపకల్పంలో దించితే సగం మందిని పోగొట్టుకుంటామని, ఇంజన్ లేని గ్లైడర్లలో వెళ్లేవాళ్ల పరిస్థితి ఇంకా ఘోరమని మిత్రసేనల సర్వసేనాని ఐసెన్‌హోవర్ ముఖం మీదే చెప్పారు. ఐసెన్‌హోవర్ విన్నారు, ఒంటరిగా కూర్చుని ఆలోచించారు, బాధ్యత తన నెత్తిన వేసుకుని కానివ్వమన్నారు. నష్టం భయపడినంత జరగలేదు. లీ-మలోరీ తన అంచనా తప్పని ఒప్పుకుంటూ క్షమాపణ లేఖ రాశారు. పైవాడికి వద్దని చెప్పడం, చెప్పింది తప్పయితే ఒప్పుకోవడం, రెండూ మామూలు విషయాలు కావు.

అలాంటి మనిషి ఆర్నెల్లు తిరక్కుండా కిందివాళ్ల హెచ్చరికను పక్కన పెట్టేశారు. ఆయనకు ఐసెన్‌హోవర్ దగ్గర దొరికిన ఆ కాస్త ఓపిక ఆ విమాన సిబ్బందికి ఆయన దగ్గర దొరకలేదు. నన్ను బాధపెట్టేది ఇదే. యుద్ధకాలం, కొత్త పదవి, త్వరగా చేరాలన్న టెన్షన్, అన్నీ నిజమే. అయినా ఆ ఎనిమిది మంది ప్రాణాలకు అవేవీ సమాధానం కాదు.

మనకూ ఈ గాయాలు ఉన్నాయి. 2002లో లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారి హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలింది. 2009లో ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారిని నల్లమలలో పోగొట్టుకున్నాం. వాటినీ దీన్నీ ఒకే గాటన కట్టడం లేదు, కారణాలు వేరు. కానీ మబ్బు పట్టినా సభకు టైం అయిపోతోందని తొందరపెట్టే అలవాటు మన దగ్గర పోవాలి. జనవరి పొద్దున పొగమంచుకు గన్నవరంలో విమానం దిగకుండా వెనక్కి వెళ్తే విసుక్కునే మనం కూడా అందులో ఉన్నాం. విమానం విషయంలో ఆఖరి మాట పైలట్‌దేనని రూల్ ఎప్పటినుంచో ఉంది. ఆ మాట అన్నందుకు నాయకుడి మనుషులెవరూ అతనికి ఫోన్ చేసి నిలదీయకూడదు. గుంటూరులో సభ అయితే విజయవాడ నుంచి కారులో వెళ్లొచ్చు, జనం ఇంకో గంట ఆగుతారు.